ఎయిర్ రైఫిల్ పెల్లెట్ల పనికి ఇంట్లో పనిబల్ల: తిరుపతిలో చేయించుకున్న సామగ్రిపై సమీక్ష

ఎయిర్ రైఫిల్ పెల్లెట్లను, అంటే గాలి తుపాకీలో వాడే చిన్న సీసపు గుండ్లను, ఒక్కొక్కటిగా పరీక్షించి, తూచి, తల (ముందు భాగం) కొలత ప్రకారం వేరుచేసి, అవసరమైన వాటిని డై (కచ్చితమైన కొలతలో రంధ్రమున్న లోహపు ముక్క) లోంచి తోసి ఒకే కొలతకు తెచ్చి, పలుచని పూత పూసి డబ్బాల్లో సర్దుకోవడానికి మా ఇంట్లో ఒక పనిబల్లను ఏర్పాటు చేసుకున్నాను. బల్లను కొర్లగుంట వైపున్న ఒక కార్పెంటరు చేశాడు. ఇత్తడి సైజింగ్ డైను ఇండస్ట్రియల్ ఎస్టేట్ వైపున్న ఒక లేత్ వర్క్‌షాపులో తిప్పించాను. మిల్లీగ్రాము త్రాసు, తల కొలిచే గేజి పలక, భూతద్దం ఆన్‌లైన్‌లో తెప్పించినవి. నేను తిరుపతి రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా మేనకోడలు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేస్తుంది, ఆమె పెల్లెట్ల పని నేను చూసుకుంటాను. మే నెల ఎండలోనూ కార్తీక మాసపు వానల్లోనూ ఈ సామగ్రిని వాడి చూశాను కనుక, ఇటువంటి బల్ల పెట్టుకోవాలనుకునే తల్లిదండ్రులకు, శిక్షకులకు పనికొచ్చేంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా చట్టం సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ పద్ధతులన్నీ అమెరికాలో ఇంటి దగ్గర తూటాలు పోతపోసుకునేవారి నుంచి వచ్చినవి. అక్కడ కరిగించిన సీసపు మిశ్రమాన్ని అచ్చులో పోసి, చల్లారిన తూటాను ఉక్కు డైలోంచి తోసి తుపాకీ గొట్టానికి సరిపడే కొలతకు తెస్తారు, తూటా చుట్టూ ఉన్న గాడుల్లో మైనం ముద్దను నింపుతారు. లైమన్, ఆర్‌సీబీఎస్ వంటి కంపెనీలు ఈ రెండు పనులనూ ఒకే మీట నొక్కుతో చేసే యంత్రాలను అమ్ముతాయి. సగం తేనెమైనం, సగం ఆలాక్స్ అనే పెట్రోలియం పదార్థం కలిపిన మైనం అక్కడ చాలాకాలంగా పేరున్నది. మన దేశంలో తూటాల తయారీకి 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండి తీరాలి, లైసెన్సు లేకుండా ఇంట్లో పోతపోయడం నేరం. బోరు (గొట్టం లోపలి వ్యాసం) 4.5 మిల్లీమీటర్లకు, శక్తి 20 జౌళ్లకు మించని ఎయిర్ రైఫిళ్లకు మాత్రం 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సు అవసరం లేదు. కాబట్టి నేను రాసేదంతా ఫ్యాక్టరీలో తయారై డబ్బాలో వచ్చిన పెల్లెట్లను శుభ్రంగా, సమానంగా సిద్ధం చేసుకోవడం గురించే. మా బల్ల మీద సీసం కరిగించడం లేదు, కరిగించే ఉద్దేశమూ లేదు.

ఇంత చిన్న సీసపు ముక్కకు ఇంత శ్రమ అవసరమా అని మా ఇంట్లోనే అడిగారు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రాకు బంగారు పతకం, 2012లో లండన్‌లో హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్‌కు కాంస్యం తెచ్చిన పోటీ ఇదే. ఇందులో గురి కాగితం మీద పదో వలయమంటే వలయం కూడా కాదు, అర మిల్లీమీటరు చుక్క. తొమ్మిదో వలయం వ్యాసం 5.5 మిల్లీమీటర్లు. ఇప్పుడు దశాంశాల్లో లెక్కిస్తారు కాబట్టి కేంద్రం నుంచి పావు మిల్లీమీటరు పక్కకు జరిగితే పదోవంతు పాయింటు పోతుంది. పెల్లెట్ బరువు సుమారు 0.53 గ్రాము, వేగం సెకనుకు దాదాపు 170 మీటర్లు. ఆ వేగంతో 10 మీటర్లు వెళ్లేసరికి అది సుమారు 17 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. వేగంలో నూటికి ఒక వంతు తేడా వస్తే ఆ జారుడులో మిల్లీమీటరులో మూడో వంతు తేడా వస్తుంది. అదే బరువులో నూటికి ఒక వంతు, అంటే 5 మిల్లీగ్రాముల తేడా ఉంటే, గాలి ఇచ్చే శక్తి మారదనుకుంటే, గురి దగ్గర తేడా 0.17 మిల్లీమీటరు మాత్రమే. ఈ లెక్క నాకు చాలా ఉపయోగపడింది, ఏ పనికి ఎంత సమయం, ఎంత డబ్బు పెట్టాలో దీన్నిబట్టే తేల్చుకున్నాను. తూకం ముఖ్యమే గాని, అందరూ అనుకున్నంత ముఖ్యం కాదు. పెల్లెట్ ఆకారం చెడకుండా ఉండటం, దాని తల రైఫిల్ గొట్టానికి అమరడం అంతకంటే ముఖ్యం. నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చినది బల్ల, ఆ తరువాత భూతద్దం. అందరూ మొదట కొనాలనుకునే సైజింగ్ డైది చివరి స్థానం.

బల్ల పొడవు నాలుగు అడుగులు, వెడల్పు రెండు అడుగులు, ఎత్తు ముప్పై అంగుళాలు. కూర్చుని చేసే పని ఎక్కువ కాబట్టి ఈ ఎత్తు సరిపోయింది, నిలబడి చేసే వైస్ (వస్తువును కదలకుండా బిగించే పట్టు) పనికైతే మోచేతి ఎత్తుకు పెంచుకోవాలి. కాళ్లకు, చట్రానికి కొత్త కలప కాకుండా, పాత ఇళ్ల సామాను అమ్మే చోట దొరికిన టేకు ద్వారబంధాన్ని కోయించాం. ఏళ్ల తరబడి ఎండిన చెక్క కాబట్టి వేసవిలోనూ బిగింపులు వదులు కాలేదు. పై పలకగా 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలు జిగురుతో అతికించి, మరలతో బిగించి, పైన తెల్లటి సన్‌మైకా వేయించాను. తెలుపు ఎంచుకోవడానికి కారణముంది. సీసం రాసుకున్న చోట బూడిదరంగు గీత పడుతుంది, అది తెల్ల ఉపరితలం మీద వెంటనే కనిపిస్తుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. చెక్క రంగు సన్‌మైకా మీదనో, పాలిష్ పట్టిన టేకు మీదనో ఆ గీత కంటికి కనిపించదు, నారల్లోకి దిగిన పొడి ఎంత తుడిచినా రాదు.

బల్ల చుట్టూ వేలి మందం ఎత్తున పట్టీ కొట్టమని అడిగాను. కార్పెంటరు పని ఆపి, "సార్, చుట్టూ పట్టీ కొడితే తుడిచేటప్పుడు చెత్త యాడికి పోతుంది?" అని అడిగాడు. ఆ చెత్త ఎక్కడికీ పోకూడదనే ఈ పట్టీ, కిందపడితే పిల్లలు తిరిగే నేల మీద పడుతుందని చెప్పాను. కొంచెం సేపు ఆలోచించి, "అట్లయితే మూలల్లో సందు ఉండకుండా చేయల్ల, లేకుంటే ఆడ నిలబడిపోతుంది" అని తనే అన్నాడు. పట్టీ, పలక కలిసే లోపలి మూల పొడవునా సిలికాన్ సీలెంటు పెట్టి వేలితో నునుపు చేశాడు. ఈ బల్లలో నాకు అన్నిటికంటే నచ్చిన పని ఇదే. పెల్లెట్ దొర్లి కింద పడటం లేదు, పొడి ఇరుక్కునే చోటు లేదు, తుడవడానికి రెండు నిమిషాలు చాలు. అడిగినది మాత్రమే చేసి చేతులు దులుపుకోకుండా అవసరాన్ని అర్థం చేసుకుని ఒక మెట్టు ముందుకు ఆలోచించే పనివాడు దొరకడం అదృష్టమే.

అతని పనిలో లోపాలూ ఉన్నాయి. కాళ్లను నేరుగా నేల మీద నిలిపాడు. మన ఇళ్లలో నేలను నీళ్లు పోయే వైపు వాలుగా వేస్తారు కాబట్టి రసమట్టం పెట్టి చూస్తే బల్ల స్పష్టంగా ఒక పక్కకు వాలింది. మిల్లీగ్రాము త్రాసుకు మట్టం తప్పనిసరి. కాళ్ల అడుగున నట్లు దింపి, తిప్పితే ఎత్తు తగ్గే, పెరిగే బోల్టు పాదాలు నేనే బిగించుకున్నాను. వెనుక వైపు రెండు యాంగిల్ ముక్కలతో గోడకు కూడా బిగించాక, వైస్‌లో డై పెట్టి తోసినా బల్ల కదలడం లేదు. సొరుగుల విషయంలోనూ నాకు తృప్తి లేదు. చానళ్లు నాసిరకానివి, లాగినప్పుడల్లా గరగరమంటాయి, ఆ కదలికకు మొదట్లో లోపల ఉంచిన డబ్బాల్లోని పెల్లెట్లు ఒకదానికొకటి కొట్టుకునేవి.

సొరుగుల గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటి ఇక్కడే చెబుతాను. కొత్త చెక్క, ప్లైవుడ్ జిగురు ఆమ్ల ఆవిరులను కొద్దికొద్దిగా విడుదల చేస్తూ ఉంటాయి, ముఖ్యంగా వెనిగర్‌లో ఉండే అసిటిక్ ఆమ్లం. మూసి ఉన్న చోట ఆ ఆవిరి సీసాన్ని తినేసి తెల్లటి పొడిగా మారుస్తుంది. మ్యూజియాల్లో సీసపు నాణేలను, ముద్రలను చెక్క బీరువాల్లో ఉంచకపోవడానికి కారణం ఇదే. ఈశాన్య రుతుపవనాల సమయంలో మా ఊళ్లో గాలి తేమగా ఉంటుంది కాబట్టి ప్రమాదం మరీ ఎక్కువ. పెల్లెట్లను తెరిచిన ట్రేలలో ప్లైవుడ్ సొరుగులో పెట్టకూడదు. అవి వచ్చిన రేకు డబ్బాలోనే మూత బిగించి, మేము చేసినట్టు ఇనుప అలమరలో ఉంచాలి. ఇప్పుడు సొరుగుల్లో గుడ్డలు, బ్రష్షులు, పనిముట్లు తప్ప మరేమీ పెట్టడం లేదు.

త్రాసు విషయానికి వస్తే, 0.001 గ్రాము వరకు చూపే, 50 గ్రాముల సామర్థ్యం ఉన్న సాధారణ డిజిటల్ త్రాసు ఇది. ధర సుమారు ₹1,900. పెట్టెలో 20 గ్రాముల కొలతరాయి ఇచ్చారు. ధరతో పోలిస్తే పని బాగా చేస్తుంది. ఒకే పెల్లెట్‌ను మళ్లీ మళ్లీ పెట్టి చూస్తే చివరి అంకె ఒకటి అటూ ఇటూ మారుతుంది, అంతకంటే ఎక్కువ మారితే గాలి తగులుతోందని అర్థం. పైన గాజు మూత ఉన్నప్పటికీ సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే అంకె నిలబడదు. ఫ్యాను ఆపి కూర్చోవడం తిరుపతి ఎండల్లో ఎంత కష్టమో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. పైగా చెమట బొట్టు ఒకటి పళ్లెంలో పడిందంటే ఆ తూకం లెక్కలోకి రాదు. అందుకే వేసవిలో ఈ పనిని తెల్లవారకముందే ముగించుకుంటాం. స్విచ్ వేసిన వెంటనే తూచకుండా కాసేపు ఆగి, కొలతరాయితో సరిచూసుకుని మొదలుపెట్టాలి. పెల్లెట్‌ను వేళ్లతో పట్టుకోకుండా ప్లాస్టిక్ పట్టకారుతో పట్టుకోవాలి, స్టీలు పట్టకారు మెత్తని సీసాన్ని గీరుతుంది. జర్మనీ నుంచి వచ్చే ఆర్.డబ్ల్యు.ఎస్. ఆర్-10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్ వంటి మ్యాచ్ పెల్లెట్లను (పోటీల కోసం చేసినవాటిని) తూచినప్పుడు ఒకే డబ్బాలో తేడా చాలా తక్కువగా కనిపించింది. వాటిని ఒక్కొక్కటిగా తూచడం మానేశాను, డబ్బా తెరిచినప్పుడు గుప్పెడు తీసి సరిచూస్తే చాలు. సాధన కోసం కొనే చవక రకాలకు మాత్రం ఈ త్రాసు నిజంగా అవసరం.

భూతద్దం గడియారాలు బాగుచేసేవారు కంటికి తగిలించుకునే రకం, పది రెట్లు పెద్దదిగా చూపుతుంది. దీనికి పెట్టిన డబ్బు చాలా తక్కువ, ఇచ్చిన ఫలితం చాలా ఎక్కువ. పెల్లెట్ ఆకారం ఢమరుకంలా ఉంటుంది: ముందు చదునైన తల, మధ్యలో సన్నని నడుము, వెనుక స్కర్ట్ అని పిలిచే పలుచని గుల్ల అంచు. ఆ అంచు మందం చాలా తక్కువ, సీసం చాలా మెత్తన, కాబట్టి కొరియర్ ప్రయాణంలో డబ్బా ఒకసారి కిందపడితే లోపల కొన్నింటి స్కర్టులు సొట్ట పడతాయి. మామూలు ట్యూబ్‌లైటు కింద ఆ సొట్ట కనిపించదు. టేబుల్ ల్యాంపును ఎడమవైపు బాగా కిందికి వంచి, పెల్లెట్‌ను బోర్లా నిలబెట్టి, అంచు మీద వెలుగు ఏటవాలుగా పడేలా చూస్తే, గుండ్రని వెలుగు గీతలో ఒకచోట నల్లని తెగుదల కనిపిస్తుంది. అదే సొట్ట. ఆ పెల్లెట్ పేల్చినప్పుడు స్కర్ట్ గొట్టాన్ని అన్ని వైపులా ఒకేలా మూయలేదు, గాలి ఒక పక్క నుంచి జారిపోతుంది, గురి పక్కకు పోతుంది. మా మేనకోడలు మొదట్లో ఈ పనికి విసుక్కునేది. తీసి పక్కన పెట్టిన సొట్ట పెల్లెట్లను శిక్షకుని సమక్షంలో రైఫిల్‌ను వైస్‌కు బిగించి విడిగా కాల్పించాక, కాగితం మీద చెదిరిన రంధ్రాలు చూసి, "మామా, ఇకమీదట నేనే చూసుకుంటా" అంది. ఇప్పుడు నాకంటే వేగంగా పట్టుకుంటుంది.

తల కొలిచే గేజి అంటే వరుసగా కొద్దికొద్ది తేడాతో రంధ్రాలున్న లోహపు పలక. పెల్లెట్ తల ఏ రంధ్రంలో ఆగుతుందో దాన్నిబట్టి అది 4.49 రకమా, 4.50 రకమా, 4.51 రకమా అని తెలుస్తుంది. మైక్రోమీటరుతో ఎందుకు కొలవకూడదని తోటి ఫిట్టర్లు అడిగారు. దాన్ని బిగించే రాచెట్ పిడి ఒత్తిడికే సీసం నొక్కుకుపోతుంది కాబట్టి మైక్రోమీటరు చెప్పే అంకె మన చేతి బిగువునుబట్టి మారుతుంది, పలక మీద ఆ సమస్య లేదు. ఏ రైఫిల్ గొట్టానికి ఏ తల కొలత నప్పుతుందనేది ఆ రైఫిల్‌తో కాల్చి చూస్తేనే తేలుతుంది. పక్కింటి అబ్బాయి రైఫిల్‌కు 4.51 కుదిరిందని మనమూ అదే కొనడం సరికాదు. ఒకసారి తేలాక ఆ కొలతవే, వీలైతే ఒకే బ్యాచ్ నంబరువి, కొనడం మంచిది. గేజి పలకకు నేను తప్పులేవీ ఎంచలేను, రంధ్రాల పక్కన చెక్కిన అంకెలు మరీ సన్నగా ఉన్నాయన్నది తప్ప. నా వయసువాళ్లకు భూతద్దం లేకుండా అవి కనపడవు.

ఇక సైజింగ్ డై. ఇది 25 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీలో చేసిన రంధ్రం, దానికి సరిపడే ఉక్కు తోపుడు కడ్డీ, కడ్డీ కొసకు పెల్లెట్ నొక్కుకుపోకుండా నైలాన్ మొన, పైన అరచేతికి అమరే గుబ్బ. డైను వైస్‌లో నిలువుగా బిగించి, పెల్లెట్‌ను తల ముందుగా పెట్టి తోస్తే కింద గుడ్డ పరిచిన గిన్నెలో పడుతుంది. తల ముందు వెళ్లడం ముఖ్యం, స్కర్ట్ ముందు పెడితే దాని అంచు మడతపడుతుంది.

లేత్ వర్క్‌షాపు యజమాని మొదట ఇది చిన్న పనే అన్నాడు. 4.5 మిల్లీమీటర్ల హెచ్-7 (కొలతలో అనుమతించే తేడాకు పెట్టిన ఒక ప్రమాణం) రీమరు, అంటే రంధ్రాన్ని సరైన కొలతకు తీర్చే పనిముట్టు, వేస్తే అయిపోతుందని అతని ఉద్దేశం. ఆ కొలతకు హెచ్-7 అంటే రంధ్రం 4.500 నుంచి 4.512 వరకు ఎక్కడైనా ఉండవచ్చు, అది మామూలు యంత్రభాగాలకు చక్కని పని. అయితే పెల్లెట్ల తలలు వేరుపడేదే 0.01 మిల్లీమీటరు తేడాతో, అంటే ఆ రీమరుకు అనుమతించిన తేడాలోనే ఒక తల కొలత మొత్తం ఇమిడిపోతుంది. ఈ సంగతి కాగితం మీద గీసి చూపాక ఆయన పనిని వేరుగా చేశాడు. కొంచెం చిన్న రీమరుతో ఆపి, మెత్తని పేస్టుతో లోపల కొద్దికొద్దిగా అరగదీస్తూ, ప్రతి దశలోనూ పిన్ గేజి (కచ్చితమైన మందం గల కొలత కడ్డీ) దింపి చూశాడు. చివరకు 4.50 పిన్ నూనె మీద జారినట్టు దిగింది, 4.51 పిన్ నోటి దగ్గరే ఆగిపోయింది. పైన నోరును మెల్లగా సన్నబడే గరాటులా తీర్చాడు. అలా తీర్చకపోతే రంధ్రం అంచు సీసాన్ని చెక్కేస్తుంది. లోపలి నునుపు గురించి ఎంత చెప్పినా తక్కువే, వెలుగుకు ఎత్తి చూస్తే గీత ఒక్కటీ కనపడదు. పనికి ₹2,200 తీసుకున్నాడు. ఇంత ఓపిక గల పనికి అది న్యాయమైన ధర. వేసవికి, చలికాలానికి ఇత్తడి పెరిగి తగ్గితే కొలత మారదా అని ఒకరు అడిగారు. ఇరవై డిగ్రీల తేడాకు ఈ రంధ్రం మారేది మిల్లీమీటరులో వెయ్యింట రెండు వంతులలోపే, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

పని ఇంత బాగున్నా, ఈ డై అందరికీ అవసరమని నేను చెప్పలేను. మంచి మ్యాచ్ పెల్లెట్ తలను డై దాదాపు ముట్టుకోదు, ఎందుకంటే అది ముందే ఆ కొలతలో ఉంది. డై నొక్కేది స్కర్టును. స్కర్టును తలకంటే కొంచెం వెడల్పుగా చేసేదే గొట్టాన్ని బిగువుగా మూయడానికి, దాన్ని తగ్గిస్తే ఫ్యాక్టరీ శ్రద్ధగా చేసిన పనిని మనం చెడగొట్టినట్టే. వైస్‌కు బిగించిన రైఫిల్‌తో కాల్చి చూసినప్పుడు మ్యాచ్ పెల్లెట్ల గుంపు, అంటే కాగితం మీద రంధ్రాలు ఎంత దగ్గరగా పడ్డాయన్నది, డై వాడాక మెరుగుపడలేదు, కొన్ని గుంపులు కాస్త వెడల్పయ్యాయి కూడా. స్కర్టులు ఒకటి వదులుగా, ఒకటి బిగువుగా ఉండే చవక సాధన పెల్లెట్లలో మాత్రం తేడా కంటికి స్పష్టంగా కనిపించింది. లోడ్ చేసేటప్పుడు వేలికి తగిలే బిగువు ఒకేలా ఉంటోంది, గుంపుకు దూరంగా ఎక్కడో పడే రంధ్రాలు తగ్గాయి. రోజూ చవక పెల్లెట్లతో సాధన చేసి, పోటీకి మాత్రమే మ్యాచ్ రకం వాడే కుటుంబాలకు ఈ డై పెట్టిన డబ్బుకు తగిన పని చేస్తుంది. మ్యాచ్ పెల్లెట్లే వాడేవారు ఆ డబ్బుతో మరొక డబ్బా కొనుక్కోవడం మేలు.

పూత గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో చేయాల్సింది తక్కువ, చేయకూడనిది ఎక్కువ. చవక పెల్లెట్లను గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెలు తోమే ద్రవం వేసి మెల్లగా కడిగి, నూలుగుడ్డ మీద పూర్తిగా ఆరబెడతాం. తరువాత డబ్బాలో స్పాంజి ముక్క పరిచి, దాని మీద కొన్ని చుక్కల సిలికాన్ నూనె వేసి, పెల్లెట్లను ఒక వరుసగా పోసి, మూతపెట్టి నెమ్మదిగా దొర్లిస్తాం. చేతికి తడి తగలకూడదు, మెరుపు కనపడితే చాలు. స్ప్రింగ్ రకం రైఫిళ్లు వాడేవారు యంత్రపు నూనె, గ్రీజు వంటి పెట్రోలియం పదార్థాలను పెల్లెట్లకు పూయకూడదు. పిస్టన్ ఒక్కసారిగా గాలిని నొక్కినప్పుడు పుట్టే వేడికి అవి డీజిల్ ఇంజన్‌లోలా అంటుకుంటాయి, గాలిని ఆపే సీళ్లు పాడవుతాయి, వేగం ఒక్కో గుండుకు ఒక్కోలా ఉంటుంది. కొబ్బరినూనె వాడవచ్చా అని అడిగేవారున్నారు. అది దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, డిసెంబరు ఉదయాల్లో తిరుపతిలోనే తెల్లగా పేరుకుంటుంది. ఆముదం గాలికి జిగురుగా మారుతుంది. రెండూ వద్దు. మ్యాచ్ పెల్లెట్లకు మేము ఏ పూతా వేయడం లేదు.

సీసంతో జాగ్రత్త గురించి మాత్రం మొహమాటం లేకుండా రాయాలి. కరకంబాడి వైపు బ్యాటరీల పరిశ్రమ ఉన్న ఊరు కాబట్టి ఈ లోహం పేరు ఇక్కడ అందరికీ తెలుసు, దాని స్వభావం అందరికీ తెలియదు. రక్తంలో సీసం ఇంతవరకు ఉంటే హాని లేదని చెప్పగల స్థాయి ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పిల్లల మెదడు ఎదుగుదలకు అది చేసే నష్టం తిరిగి పూడ్చలేనిది. అందుకే మా బల్లను వంటింటికి, పూజగదికి దూరంగా, విడి గదిలో పెట్టాం. పని ముగిసేవరకు ఆ గదిలో నీళ్లు కూడా తాగం. పొడి చీపురుతో ఊడ్చడం నిషేధం, ఊడిస్తే పొడి గాలిలోకి లేస్తుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను ఇంటి బట్టలతో కలపకుండా మూత ఉన్న డబ్బాలో వేస్తాం. పెల్లెట్లు కడిగిన గిన్నెను వంటకు వాడం. ఆ నీళ్లను తులసికోటలోనో, మొక్కలకో పోయం. పాత ప్లాస్టిక్ బకెట్లో నిలవ ఉంచి, అడుగున పేరుకున్నదాన్ని గుడ్డతో పాటు విడిగా మూటకట్టి ఉంచుతాం. పనయ్యాక సబ్బుతో చేతులు, ముంజేతులు కడుక్కున్నాకే మా మేనకోడలు ఫోను ముట్టుకోవాలన్నది ఇంటి నియమం. చిన్నపిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో విడి గది లేకపోతే ఈ బల్ల పెట్టుకోవద్దనే నా సలహా, శిక్షణా కేంద్రంలోనే ఒక మూల అడిగి తీసుకోవాలి. కాల్చిన తరువాత గురిపెట్టె వెనుక పోగయ్యే సీసాన్ని గ్యాస్ పొయ్యి మీద కరిగించి ముద్ద చేద్దామనుకునేవారు దయచేసి ఆ ఆలోచన మానుకోవాలి. సీసం 327.5 డిగ్రీలకే కరుగుతుంది, కరగడం సులువు కనుకే ప్రమాదం. దాన్ని అలాగే మూటకట్టి పాత బ్యాటరీలు కొనే అధీకృత వ్యాపారికి ఇవ్వాలి.

ఖర్చు లెక్కకు వస్తే, బల్లకు చెక్క, ప్లైవుడ్, సన్‌మైకా, కూలీ అన్నీ కలిపి సుమారు ₹16,500 అయింది. వైస్ నా దగ్గర ముందునుంచీ ఉంది. త్రాసు, డై ధరలు పైన చెప్పాను, గేజి పలక, భూతద్దం, ల్యాంపు కలిపి రెండు వేల లోపే. ఇంత పెట్టలేనివారు మొదట భూతద్దం, ల్యాంపు, చుట్టూ అంచు ఉన్న తెల్లటి పెద్ద ప్లాస్టిక్ ట్రే కొనుక్కుని మొదలుపెట్టవచ్చు. సొట్ట పెల్లెట్లను ఏరివేసే పని వాటితోనే పూర్తిగా అవుతుంది, ట్రేను ఎత్తి కడగవచ్చు కూడా. తరువాత త్రాసు, ఆపైన బల్ల. డైకి తొందర లేదు.

కార్పెంటరును మళ్లీ పిలిపించాను. సొరుగుల చానళ్లు మార్చి, మెల్లగా మూసుకునే రకం వేస్తానన్నాడు, వాటికి మరో ₹1,400 అడిగాడు, ఒప్పుకున్నాను. బల్ల కుడివైపు చివర వైస్ కింద పై పలకకు అదనంగా ఒక ఉక్కు పలక కూడా బిగించమన్నాను. డై తోసేటప్పుడు ఆ చోట సన్‌మైకా మీద వెంట్రుకంత చీలిక మొదలైంది, దానిలోకి సీసం పొడి దిగకముందే మూయాలి.